అడుగున్నర దిమ్మె దగ్గర తాత

ఆ పొద్దున కొత్త కుళాయి దిమ్మె దగ్గర ఉన్నవి: రెండు బస్తాల సిమెంటు, అందులో ఒకటి సగం గడ్డకట్టింది, ఇసుక కుప్ప, పైపు ముక్కలు నాలుగు, ఇత్తడి కుళాయి ఒకటి, ఇంకా కాగితం విప్పలేదు, మేస్త్రి తాపీ, తూకపు గుండు, మట్టం చూసే నీళ్ళ గొట్టం, నా చేతిలో బ్లూప్రింటు. ఉన్నవాళ్ళు: మేస్త్రి, ఇద్దరు కూలీలు, నేను, నీళ్ళు రాకముందే బిందెలు తెచ్చి వరుస పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు ఏడుగురు, సిమెంటు నీళ్ళు తాగబోతున్న ఒక మేక. వీళ్ళందరికీ ఎడంగా, పాతిన గుంజలాగ, ఒక మనిషి.

గుంజలాగ అని పోలిక కోసం రాయడం లేదు. ఆయన మెడ తిరగదు. నడుము వంగదు. మోకాళ్ళలో కాస్త కదలిక ఉండేది గానీ, మెడ నుంచి తుంటి దాకా ఎముకలన్నీ కలిసిపోయి ఒకటే అయ్యాయి. అక్కడి బావి నీళ్ళలోని ఫ్లోరైడు ఏళ్ళ తరబడి తాగిన మనిషికి చేసే పని అది.

ఆయన పోయాడని నాకు కిందటి నెల జడ్చర్లలో తెలిసింది. ఆత్మకూర్ నుంచి హైదరాబాదు పోతూ బస్సు మారడానికి దిగాను. ఆ మేస్త్రే అక్కడ ఒక మిల్లు గోడ పనికి వచ్చి ఉన్నాడు. హోటల్లో టీ చెప్పి, కూర్చోకముందే అన్నాడు.

"తాత పోయిండు సారూ."

ఏ తాత అని అడగబోయాను. మేస్త్రి మెడ బిగబట్టి, రెండు పాదాలూ కొంచెం కొంచెంగా జరుపుకుంటూ, బండి తిప్పినట్టు నిండు మనిషి నా వైపు తిరిగాడు. ఇక అడగలేదు.

"ఎప్పుడు?"

"చలికాలంల. సచ్చినోళ్ళకు కాళ్ళు చేతులు సక్కగ సాపుతరు గద? గా పనే లేకపాయె. ఆయన ముందుగాలనే తయారుగున్నడు."

మేస్త్రి నవ్వలేదు. నేనూ నవ్వలేదు. కానీ ఆ మాట తాత వింటే తప్పకుండా నవ్వేవాడు. నవ్వితే ఆయన మొహం ఒక్కటే నవ్వేది. భుజాలు, పొట్ట, మెడ ఏవీ కదలవు. గోడ మీద వేలాడదీసిన పటం నవ్వినట్టు ఉండేది.

ఆ ఊరు నల్లగొండ జిల్లాలో, దేవరకొండ రోడ్డు దిగి ఆరు మైళ్ళు లోపలికి. నేను డిప్లొమా ముగించి ఓవర్సీరుగా చేరిన కొత్త. హైదరాబాదు నుంచి డాక్టర్లు వచ్చి, ఊరివాళ్ళ ఎముకలకు ఎక్స్‌రేలు తీయించి, బావి నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయాక మా శాఖ ఆ ఊరికి వచ్చింది. పథకం చిన్నది. దూరంగా వాగు ఒడ్డున మంచి ఊట చూసి ఒక బావి. దాని మీద ఆయిలింజను. ఊరి మొదట్లో రాతి కట్టడం మీద ట్యాంకు. అక్కణ్ణుంచి పైపులు. ఊరి నడుమ బొడ్రాయి దగ్గర రెండు వాల్వులు: ఒకటి పెద్ద వీధికి, రెండోది ఊరవతల గుట్ట మొదట్లో ఉన్న వాడకు. పెద్ద వీధికి ఆరు కుళాయిలు, వాడకు ఒకటి. బ్లూప్రింటులో దాని పేరు హరిజనవాడ. ఊళ్ళో ఉత్త వాడ.

అన్ని కుళాయిలకూ దిమ్మె నమూనా ఒకటే. నేల మీద రాతి పలక, పలకకు అడుగున్నర ఎత్తున కుళాయి. బిందె పలక మీద పెట్టాలి. నిండాక వంగి ఎత్తుకోవాలి.

ఆ పొద్దున మేస్త్రి దిమ్మె కడుతుంటే తాత చాలాసేపు చూశాడు. చివరికి అడుగులు జరుపుకుంటూ నా ఎదురుగా వచ్చి ఆగాడు.

"గిది ఎవలి కోసం సారూ?"

"మీ అందరి కోసమే, తాతా. మంచి నీళ్ళు వస్తాయి."

"మా కోసమేనా?"

"అవును."

"మరి మమ్ముల కొలువకపాయిరి? అంగీ కుట్టేటోడు గూడ కొలుస్తడు."

వరుసలో కూర్చున్న ఒకామె అందుకుంది. "నీకు అంగీ కుట్టాల్నంటే తాడిచెట్టు ఎక్కేటోణ్ణి పిలువాలె తాతా!"

ఆయన జవాబు చెప్పడానికి ఆమె వైపు తిరగడం మొదలుపెట్టాడు. తిరగడం పూర్తయ్యేసరికి ఆమె పకపక నవ్వి వేరే మాటలో పడిపోయింది. అది ఆయనకు రోజూ ఉండే కష్టం. వాడలో ఎవరైనా వెనక నుంచి ఒక మాట విసిరితే, ఆయన పాదాలు జరుపుకుని తిరిగేలోపు అన్నవాళ్ళు ఉండరు. "ముందలికి వచ్చి తిట్టున్రి. నా యెనక దేవుడు నిలవడ్డా నాకు కానరాడు" అనేవాడు.

కింద పడిన వస్తువు ఆయనకు పోయిన వస్తువే. అందుకని చేతిలో ఎప్పుడూ ఒక పొట్టి దోటి ఉండేది, మేకలకు కొమ్మలు వంచే కర్ర లాంటిదే, చివర ఇనుప కొక్కెం. జారిపోయిన రుమాలు, చెప్పు, కింద పడ్డ చుట్ట, అన్నీ దానితోనే ఎత్తేవాడు. చుట్ట ఎత్తడం చూడాలి. కొక్కేనికి చుట్ట చిక్కదు. అయినా కాలి వేళ్ళతో దాన్ని కొక్కెంలోకి నెట్టి, మెల్లగా లేపి, నోటి దాకా తెచ్చేవాడు. మధ్యలో పడిపోతే మళ్ళీ మొదలు. ఎవరైనా తీసి ఇవ్వబోతే కోపం.

ఇంకో పరికరం బొప్పాయి ఆకు కాడ. మొలకు దోపుకుని ఉండేవాడు. ఊరి హోటల్లో వాడవాళ్ళకు గ్లాసు ఇవ్వరు. వంగి దోసిలి పడితే పైనుంచి పోస్తారు. ఈయన వంగలేడు. నిలబడి దోసిలి పడితే నీళ్ళు మోచేతుల మీదుగా అంగీలోకి పోతాయి. తల వెనక్కి వాల్చి చెంబు ఎత్తి పోసుకుందామంటే మెడ రాదు. అందుకని చెంబులో కాడ పెట్టి పీల్చేవాడు. చెంబు ముట్టుకుంటున్నాడని హోటలాయన గొడవ చేస్తే, "నేను ముట్టుకుంట లేనయ్యా, కాడ ముట్టుకుంటాంది. కాడది ఏం కులమో దాన్నే అడుగు" అన్నాడట. తర్వాత హోటలాయన ఒక సొట్ట చెంబును పందిరి గుంజకు తాత నోటి ఎత్తులో కట్టి పెట్టాడు. నాకు తెలిసి ఆ ఊళ్ళో ఆయన ఎత్తు చూసి చేసిన ఏర్పాటు అదొక్కటే. అది కూడా ఆయన్ని దూరంగా ఉంచడానికి చేసింది.

సర్కారు గురించి ఆయనకు ఒకటే అభిప్రాయం. "సర్కారంత వంగేటోళ్ళకే సారూ." ఆ మాట తర్వాత ఉదాహరణలు వచ్చేవి. ఏ ఉదాహరణ ముందు వస్తుందో చెప్పలేం గానీ, అన్నీ వచ్చేవి.

"పోస్టుమాస్టరు నా మొఖం ఇప్పటిదాక చూడలే. కిటికీ గింతే ఉంటది, గీడ, నా బొడ్డు కాడ. 'ఏం గావాలె' అని నా బొడ్డునడుగుతడు. నేను పైన గోడకు జెప్త. నా కొడుకు పంపిన కార్డు నా బొడ్డుకే సదివి ఇనిపిచ్చిండు."

"దవాఖానల కూసోమంటరు. కూసోలేనంటె పండుమంటరు. పండితె లేపేటోడు ఉండడు. నిలవడితె, 'అడ్డం నిలవడ్డవేంది, జరుగు' అంటరు."

"బస్సు మెట్టు నా మోకాలికెల్లి పైనున్నది. నలుగురు పట్టి దూలం ఎక్కిచ్చినట్టు ఎక్కిచ్చిన్రు. కండక్టరు టికిటు అడిగిండు. సామాన్లు పైనేస్తవు గద, నన్ను గూడ పైనెయ్యి అన్న."

సర్కారుకు ముందు సంగతి కూడా అలాగే చెప్పేవాడు, నవ్వుతూనే. దొర గడీ ముందు నుంచి పోయేటప్పుడు వాడవాళ్ళు నడుము వంచి పోవాలి. ఆ రోజుల్లోనే ఈయన నడుము బిగుసుకోవడం మొదలైంది. "వంగుమన్నరు. వంగకపాయె. దొర మనుషులు పట్టి వంచి సూసిన్రు. అప్పుడు గూడ వంగకపాయె. పొగరన్నరు. ఈ డాక్టర్లు గప్పుడు రాకపాయిరి. వస్తె నా తరఫున సాక్షం చెప్పేటోళ్ళు."

కుళాయిలకు నీళ్ళు వదిలిన కొన్నాళ్ళకు నేను మళ్ళీ ఆ ఊరు పోయాను. వాడ దిమ్మె దగ్గర వరుస ఉంది, నీళ్ళు వస్తున్నాయి. పని బాగానే అయిందనుకున్నాను. గుట్ట వైపు నడిస్తే పాత చేదబావి దగ్గర తాత కనిపించాడు. అందరూ మానేయమని డాక్టర్లు చెప్పిన బావి అది. గిరక మీద చేంతాడు లాగుతున్నాడు. బొక్కెన పైకి రాగానే గట్టు మీద ఉన్న బిందెలో వంచాడు. బిందె నిండాక గట్టుకు ఆనుకుని నిలబడి, దాన్ని గట్టు మీద నుంచి భుజం మీదికి జరుపుకున్నాడు. ఎక్కడా వంగలేదు.

"అదేంటి తాతా, కుళాయి వచ్చినా ఈ నీళ్ళేనా? నిన్ను ఇట్లా చేసింది ఇవే కదా?"

"ఎర్కనే సారూ. గీ నీళ్ళు మంచియని కాదు. గీ గట్టు నా ఎత్తుకున్నది."

గట్టు కొలిచాను. మూడడుగులు.

అప్పుడు సంగతి మొత్తం చెప్పాడు. కొడుకు ఆనకట్ట పనికి పోయి అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తాతా, కోడలూ. కోడలు తెల్లవారకముందే ఊరి పటేల్ ఇంటికి పనికి పోతుంది. పటేల్ తల్లికీ ఇదే జబ్బు, మంచం మీదే ఉంది. ఆమెకు నీళ్ళు తెచ్చి పోసేది, ఒళ్ళు కడిగేది ఈ కోడలే. ఆ పనికి మాత్రం ఎవరూ అంటు చూడరు. ఆమె తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం. కుళాయి పొద్దున మాత్రమే వస్తుంది. అందుకని ఇంటికి నీళ్ళు తేవలసింది తాతే. కుళాయి కింద బిందె పెట్టగలడు, కొక్కెంతో దింపి. నిండిన బిందెను పలక మీద నుంచి ఎత్తలేడు.

"ఎవరినైనా పిలిస్తే ఎత్తరా?"

"ఒకనాడు ఎత్తుతరు. రెండునాళ్ళు ఎత్తుతరు. రోజు ఎత్తుమంటె? నన్ను సూడంగనే మొఖం తిప్పుకుంటున్నరు. నాకు తిప్పుకునే మొఖం గూడ లేకపాయె." భుజం మీది బిందె సర్దుకున్నాడు. "నా సంగతి ఇడువు. నాదంత అయిపోయింది. నేను తెచ్చిన గీ నీళ్ళే నా కోడలు తాగుతాంది. దానికి ముప్పై ఏండ్లు లెవ్వు. మొన్నటిసంది లేచేటప్పుడు నేలకు చెయ్యి ఆనిచ్చి లేస్తాంది. నాకు మొదలైంది గూడ గట్లనే."

నేను టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాను.

"నల్లను నా భుజం ఎత్తుకు పెట్టు సారూ. ఒక్క నల్ల."

"కుళాయి పెట్టగానే రావు తాతా. అంత ఎత్తుకు నీళ్ళు ఎక్కవు."

"ఇంజను పెట్టి ట్యాంకు మీదికి ఎక్కిచ్చిన్రు. నా భుజం ఎక్కయా? నా భుజం ట్యాంకుకన్న ఎత్తా?"

ఎంత చెప్పినా నమ్మలేదు. మర్నాడు మేస్త్రి నీళ్ళ గొట్టం తెప్పించాను. ఒక కొస మేస్త్రి పట్టుకున్నాడు, ఒక కొస నేను. ఒక వైపు ఎంత ఎత్తున నీళ్ళుంటే రెండో వైపూ అంతే, దానికి మించి అంగుళం ఎక్కవని చూపించాను. ఆ కొస ట్యాంకు అనుకో, ఈ కొస మీ వాడ. వాడ ఊరికంటే ఎత్తున ఉంది. ట్యాంకు నిండుగా ఉంటే ఇక్కడ అయిదడుగుల దాకా వస్తాయి. పెద్ద వీధి ఆరు కుళాయిలూ పట్టుకున్నాక ట్యాంకు సగానికి పడిపోతుంది. అప్పుడు ఇక్కడ రెండడుగులే. అందుకే అడుగున్నర దిమ్మెకు నీళ్ళు వస్తాయి, నీ భుజానికి రావు.

తాత గొట్టం చుట్టూ ఒక నిండు చుట్టు తిరిగి, రెండు కొసలూ చూసి వచ్చాడు.

"అంటె ముందుగాల మాకిడిస్తె నా భుజం ఎక్కుతయి. ఆఖరికిడిస్తె ఎక్కయి."

"అంతే."

"గంతేనా?" అన్నాడు. తేలిక విషయం విన్నట్టు.

మిగిలిన పైపు ముక్కతో దిమ్మె వెనక నుంచి గొట్టం పైకి తీయించాను. నాలుగున్నర అడుగుల దగ్గర రెండో కుళాయి. దాని కింద మూడడుగుల ఎత్తున బిందె పట్టేంత రాతి బల్ల. చేదబావి గట్టు కొలతే. వాల్వులు తిప్పే పంపు డ్రైవరుతో మాట్లాడాను. ట్యాంకు నిండగానే మొదట అరగంట వాడ వాల్వు ఒక్కటే తిప్పి, తర్వాత రెండూ తిప్పమన్నాను. "నాకేంది సారూ, ఏ చక్రం ముందుగాల తిప్పినా చేతులు నొచ్చుడు ఒకటే" అన్నాడు.

మొదటి పొద్దున నేను అక్కడే ఉన్నాను. తాత ఉతికిన అంగీ వేసుకుని వచ్చాడు. బిందె బల్ల మీద పెట్టి కుళాయి తిప్పాడు. మొదట గాలి వచ్చింది, తర్వాత తుప్పు రంగు నీళ్ళు, తర్వాత మంచివి. బిందె నిండింది. భుజం బల్లకు ఆనించి, జరుపుకుని, నడిచాడు.

"పెండ్లికొడుకు పోతాండు, అడ్డం జరుగున్రే!" అని వెనక నుంచి ఒకామె.

తాత ఆగాడు. నిండు బిందెతో, పాదాలు జరుపుకుంటూ, చుక్క తొణకకుండా వెనక్కి తిరగడం మొదలుపెట్టాడు. ఈసారి ఆ ఆడవాళ్ళు ఎవరూ కదల్లేదు. ఆయన తిరగడం పూర్తయ్యేదాకా అందరూ ఆగారు.

"పెండ్లికూతురివి నువ్వేనా?" అన్నాడు. మళ్ళీ తిరిగి ఇంటికి పోయాడు.

పై కుళాయికి కొద్ది రోజుల్లోనే వేరే వరుస ఏర్పడింది. మోకాళ్ళు పట్టేసిన ఇద్దరు ముసలమ్మలు, నడుము బిగిసిన ఒక చెప్పులు కుట్టే ఆయన, నెలలు నిండిన ఒక ఆడమనిషి, చేయి విరిగి కట్టుకట్టించుకున్న ఒకడు. నేను తాత కోసం పెట్టింది ఇంతమందికి కావలసి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. తాత ఆ వరుసకు పెద్ద. ఎవరు ముందో ఎవరు వెనకో దోటితో చూపించేవాడు.

తర్వాత మా ఇంజనీరు గారు తనిఖీకి వచ్చారు. జీపు వాడ దాకా వచ్చింది. ఆయనతో పాటు పటేల్ కూడా దిగాడు. సర్పంచి కూడా ఆయనే. ఇంజనీరు గారు రెండు కుళాయిలూ చూసి నవ్వారు.

"ఏమిటయ్యా ఇది? ఒంటెలకి నీళ్ళు పెడుతున్నావా?"

కారణం చెప్పాను. విన్నారు. పటేల్ కూడా విన్నాడు. ఆయన మర్యాద తెలిసిన మనిషి, గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు.

"ఇంజనీరు సాబ్, వాళ్ళకు నీళ్ళు ఇయ్యొద్దని నేనంటలేను. వాళ్ళు మనుషులు గారా? కాని ముందుగాల వాడకు ఇడిసి, మిగిలినయి ఊరికిడుస్తున్నరట. మా ఆడోళ్ళు ఎంగిలి నీళ్ళంటున్నరు. కొందరైతె బిందెలు ముడుతలేరు."

జీపు బానెట్ మీద బ్లూప్రింటు పరిచాను. వాడకు పోయిన నీళ్ళు వాడలోనే అయిపోతాయి, వెనక్కి రావు, ఊరికి పోయే పైపు వేరు అని వేలు పెట్టి చూపించాను. పటేల్ ఓపికగా చూశాడు.

"నీళ్ళు ఎనక్కి రావు బిడ్డా, నాకు ఎర్కనే. ఆడోళ్ళకు గూడ చెప్తె అర్థమైతది. నేను నీళ్ళ గురించి అంటలేను. వరుస గురించి అంటున్న. ఊరు పుట్టినకాణ్ణుంచి ఊరు తర్వాతనే వాడ. ఇయ్యాల నల్ల కాడ వరుస తిరిగితె, రేపు ఏడ తిరుగుతదో నువ్వు చెప్తవా?"

నేను బానెట్ మీది బ్లూప్రింటు చుట్టేశాను.

తాత అక్కడే ఉన్నాడు. అడుగులు జరుపుకుంటూ పటేల్ ఎదురుగా వచ్చాడు. "పటేలా, జర ఇను. నేను ముందు నిలవడుతనంటలేను. నీ నల్లకు ఎప్పుడిడిసినా నీళ్ళొస్తయి. నా నల్లకు గప్పుడే వస్తయి. గంతే ఫరకు."

"నీ నడుము సంగతి నాకు తెల్వదా? మా అవ్వను రోజు సూస్తలేనా? నీకేం గావాలె? ఒక మనిషిని పెట్టి రెండు బిందెలు పోయిస్త."

"నువ్వు పోయిస్తవు పటేలా. నాకు పోయించుకునుడే వద్దు."

"గట్లంటె నేనేం జెయ్యాలె?" అన్నాడు పటేల్. నిజంగానే అడిగినట్టు అన్నాడు.

ఇంజనీరు గారు వాచీ చూసుకున్నారు. నీళ్ళు వదిలే వేళలు పంచాయతీ ఇష్టమని చెప్పారు. నన్ను జీపులో ఎక్కించుకుని, ఊరు దాటాక అన్నారు: "నువ్వు పెట్టిన కుళాయి తప్పని నేననడం లేదయ్యా. నమూనాలో లేదు, అంతే. ఆడిట్ వాడికి ముసలాయన నడుం గురించి నేనేం చెప్పుకోను? మన బాధ్యత దిమ్మె దాకా. ఆ తర్వాత వాళ్ళ ఊరు, వాళ్ళ గొడవ."

పంచాయతీ వేళలు మార్చింది. మొదట పెద్ద వీధి, తర్వాత వాడ. కింది కుళాయికి నీళ్ళు వచ్చాయి, పై కుళాయికి రాలేదు. నమూనా ప్రకారం అంతా సరిగ్గా ఉంది.

బదిలీ ఉత్తర్వు వచ్చాక ఒకసారి పోయి చూశాను. ఆత్మకూర్ వేశారు, కృష్ణ ఒడ్డున. తాత పై కుళాయి ముందు ఖాళీ బిందెతో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి దోటితో పైపు మీద రెండు దెబ్బలు కొట్టాడు. బోలుగా మోగింది.

"ఇంటున్నవా? లోపట గాలి ఉన్నది."

"నేను మళ్ళీ రాసి చూస్తాను తాతా. పైకి, నల్లగొండకు రాస్తాను."

"ఎందుకు పెట్టినవ్ సారూ గిది?" గొంతులో కోపం ఉంది. "లేనప్పుడు లేదనుకుంటుంటి. ఇప్పుడు రోజు కండ్ల ముందల నిలవడుతాంది, నా లెక్కనే. దీన్ని సూడకుంట పోదామంటె నా మెడ తిరుగది."

బిందె భుజాన పెట్టుకుని చేదబావి వైపు పోయాడు. నేను నల్లగొండకు రాశాను. జవాబు వచ్చింది. వీధి కుళాయిలు నమూనా ప్రకారమే ఉన్నాయని, వేళల సంగతి పంచాయతీకి సంబంధించినదని అందులో ఉంది. రెండూ నాకు తెలిసినవే.

జడ్చర్ల హోటల్లో మేస్త్రి మిగతా కబుర్లు చెప్పాడు. పెద్ద వీధిలో ఇళ్ళకు కనెక్షన్లు ఇస్తున్నారు. మొదటిది పటేల్ ఇంటికి, ఆయన తల్లి మంచం పక్కకే పైపు. ఇప్పుడు అక్కడ నీళ్ళు మోసే మనిషితో పని లేదు, తాత కోడలిని మానిపించారు. తాత చివరిదాకా చేదబావి నీళ్ళే తాగాడు. ఆఖరి రోజుల్లో చేంతాడు లాగలేకపోతే కోడలు లాగేది, బిందె మాత్రం తనే మోసేవాడట.

"తాగడు, తినడు, గాని బిందె ఇయ్యడు. గంత మొండోడు సారూ" అన్నాడు మేస్త్రి, గ్లాసు కింద పెడుతూ.

కిందటి వారం నల్లగొండలో ఆఫీసు పని పడింది. పని అయ్యాక బస్సెక్కి ఆ ఊరు పోయి రాత్రి అక్కడే ఉన్నాను. పొద్దున వాడకు పోయాను. పై కుళాయి ఇత్తడిది ఎవరో విప్పుకుపోయారు. గొట్టం నోట్లో కట్టె ముక్క దిగ్గొట్టి ఉంది. కింది కుళాయి సన్నగా కారుతోంది, ముందున్న బిందె సగం కూడా నిండలేదు.

చేదబావి దగ్గర తాత కోడలు చేంతాడు లాగుతోంది. నన్ను గుర్తుపట్టింది.

"అక్కడ కుళాయి వస్తోంది కదమ్మా?"

"వస్తది సారూ. కిందికి."

బొక్కెన గట్టు మీదికి లాగి, బిందెలో వంచి, మళ్ళీ బావిలోకి వదిలింది. గట్టు చుట్టూ మిగతావాళ్ళు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. కొందరు మోకాళ్ళు వంగనివాళ్ళు, కొందరు నడుము వంగనివాళ్ళు, ఒకతను రెండూ వంగనివాడు. ఆమెతో కలిపి లెక్కపెట్టాను. పదకొండు మంది.